రక్తశుద్ధి మాటున రక్తహీనత

కులాన్ని నిలబెట్టే మాటల్లో అధికభాగం రక్తం చుట్టూ అల్లుకున్నవే. ‘మన రక్తం’, ‘మంచి వంశం’, ‘రక్తం కలుషితమవుతుంది’ వంటి మాటలు పెళ్లిచూపుల దగ్గర నుంచి కుల పంచాయితీల దాకా వినిపిస్తూనే ఉంటాయి. అవి మాటలుగానే మిగిలిపోవు కూడా. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ఒక దళిత యువకుణ్ని, 2022 మే నెలలో హైదరాబాద్‌ సరూర్‌నగర్‌లో ఒక యువకుణ్ని, అదే నెలలో బేగంబజార్‌లో మరో యువకుణ్ని నడిరోడ్డు మీద హతమార్చింది కుల మతాల గడప దాటి పెళ్లి చేసుకున్న ‘నేరానికే’. రక్తం విషయంలో ఇంత పట్టుదల ఉన్న సమాజానికి రక్తం గురించి నిజంగా తెలిసింది ఎంత? విశ్వవిద్యాలయంలో కులవ్యవస్థ గురించి పాఠాలు చెప్పే నాకు ఈ ప్రశ్న తరగతి గదిలో తట్టలేదు. హైదరాబాద్‌ పాతబస్తీలో, పిల్లలకు నెలనెలా రక్తం ఎక్కించుకునే కుటుంబాలతో మాట్లాడుతున్నప్పుడు ఎదురైంది.

ఆ కుటుంబాలను పట్టి పీడిస్తున్న జబ్బుల సమూహానికి వైద్యులు పెట్టిన పేరు హీమోలైటిక్‌ అనీమియా. రక్తకణాలు విచ్ఛిన్నం కావడం వల్ల వచ్చే రక్తహీనత అని దీన్ని తెలుగులో చెప్పుకోవచ్చు. ఎముక మజ్జలో పుట్టే ఎర్రకణం సాధారణంగా సుమారు 120 రోజులు జీవిస్తుంది. ఆ గడువుకు చాలా ముందే కణాలు చితికిపోతూ, మజ్జ ఎంత వేగంగా కొత్త కణాలను తయారు చేసినా ఆ లోటు పూడనప్పుడు మనిషి పాలిపోతాడు. చితికిన కణాల్లోంచి వెలువడిన పసుపు పదార్థం బిలిరుబిన్‌ వల్ల కళ్లు పచ్చబడతాయి. కొందరిలో మూత్రం ముదురు రంగులోకి మారుతుంది. పాడైన కణాలను వడబోసే ప్లీహం ఉబ్బుతుంది. మన పల్లెల్లో ‘కడుపులో బల్ల’ అనేది దీన్నే. తిండి చాలక, ఇనుము లోపించి వచ్చే రక్తహీనత వేరు, ఇది వేరు. మొదటిదానిలో కణాల తయారీకి కావలసిన సరుకు లేదు. రెండోదానిలో తయారైన కణం నిలవడం లేదు.

కారణాలు రెండు రకాలు. పుట్టిన తర్వాత దాపురించేవి కొన్ని. శరీర రక్షణ వ్యవస్థే పొరబడి సొంత ఎర్రకణాల మీద దాడి చేయడం, కొన్ని మందులు వికటించడం, మలేరియా, గ్రూపు కలవని రక్తం ఎక్కించడం ఇందులోకి వస్తాయి. వీటికి కులంతో, వంశంతో సంబంధం లేదు. తల్లిదండ్రుల నుంచి సంక్రమించేవి రెండో రకం. కణం పైపొరలో లోపం ఉంటే స్ఫీరోసైటోసిస్‌, కణంలోని ఎంజైములో లోపం ఉంటే జీ6పీడీ లోపం, ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌లోనే లోపం ఉంటే తలసేమియా, సికిల్‌ సెల్‌. జీ6పీడీ లోపం ఉన్నవారు మామూలుగా ఆరోగ్యంగానే ఉంటారు. మలేరియాకు ఇచ్చే ప్రైమాక్విన్‌ వంటి మందు వేసుకున్నప్పుడో, పసిబిడ్డ బట్టల మధ్య పెట్టిన కలరా ఉండల ఘాటు సోకినప్పుడో వారి రక్తకణాలు ఒక్కసారిగా చితికిపోతాయి. ఆ కారకాలకు దూరంగా ఉండటమే ప్రధాన చికిత్స. తలసేమియా, సికిల్‌ సెల్‌ అలా కావు. అవి జీవితాంతం వెంటాడతాయి. పాతబస్తీలో నేను చూసినవి ఎక్కువగా ఆ కుటుంబాలే.

ఈ రెండు జబ్బుల సంక్రమణ లెక్క చాలా సరళం. ప్రతి మనిషికీ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున జన్యువులు వస్తాయి. రెండింటిలో ఒక్కటే లోపంతో ఉంటే ఆ మనిషి వాహకుడు మాత్రమే, రోగి కాడు. పని చేసుకుంటాడు, పరుగెత్తుతాడు, తన రక్తంలో ఏముందో తెలియకుండానే నూరేళ్లు బతకగలడు. ఇద్దరు వాహకులు దంపతులైనప్పుడు మాత్రం ప్రతి కాన్పులోనూ బిడ్డ రోగి అయ్యే అవకాశం నాలుగింట ఒక వంతు, వాహకం అయ్యే అవకాశం నాలుగింట రెండు వంతులు, ఏ లోపమూ లేకుండా పుట్టే అవకాశం నాలుగింట ఒక వంతు. మొదటి బిడ్డకు జబ్బు వచ్చింది కనుక రెండో బిడ్డకు రాదన్న భరోసా లేదు. రోగి అయిన బిడ్డ పుట్టాలంటే తల్లి నుంచి ఎంత వచ్చిందో తండ్రి నుంచీ అంతే రావాలి. మన ఇళ్లలో అందరికంటే ముందు తెలియవలసింది ఈ చివరి వాక్యమే.

ఈ జన్యువులు జనాభాలో ఎందుకు నిలిచాయన్నదానికి జవాబు మలేరియాలో ఉంది. దోమకూ మలేరియాకూ ఉన్న సంబంధాన్ని రోనాల్డ్‌ రాస్‌ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది ఈ నగరంలోనే, సికింద్రాబాద్‌ పక్కన బేగంపేటలో. తలసేమియా వాహకులకు మలేరియా నుంచి కొంత రక్షణ ఉండి ఉంటుందని 1949లో జె.బి.ఎస్‌. హాల్డేన్‌ ప్రతిపాదించారు. సికిల్‌ సెల్‌ వాహకుల విషయంలో ఆ రక్షణను 1954లో ఆంథొనీ అలిసన్‌ ఆఫ్రికాలో నిరూపించారు. అంటే ఈ జన్యువు ఒకరి పాపఫలమూ కాదు, ఒక కులం నీచత్వానికి గుర్తూ కాదు. ఒకప్పుడు మలేరియా సీమల్లో ప్రాణాలు నిలిపిన కవచమే, రెండు పాళ్లు కలిసినప్పుడు బిడ్డ పాలిట శాపమవుతున్నది.

మరి కులం ఎక్కడ ప్రవేశిస్తుంది? జన్యువు పుట్టుకలో కాదు, అది తిరిగే దారిలో. 1916 మే 9న కొలంబియా విశ్వవిద్యాలయంలో సమర్పించిన పత్రంలో డాక్టర్‌ అంబేడ్కర్‌ కులానికి మూలలక్షణం అంతర్వివాహమేనని తేల్చిచెప్పారు. వృత్తి, ఆహారం, అంటు ముట్టు అన్నీ ఆ కంచె చుట్టూ పెరిగినవే. ఆ కంచె ఎంత పాతదో, ఎంత గట్టిదో శతాబ్దం తర్వాత ప్రయోగశాలలు చూపించాయి. మన హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్‌, కె. తంగరాజ్‌ అమెరికాకు చెందిన డేవిడ్‌ రైక్‌ బృందంతో కలిసి 2009లో ప్రచురించిన పరిశోధన, ఆ తర్వాత 2013లో వచ్చిన మరో అధ్యయనం కలిపి చదివితే ఒక చిత్రం స్పష్టపడుతుంది. సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటి వరకు ఈ ఉపఖండపు జనం విస్తృతంగా కలిసిపోయారు. ఆ తర్వాత ఆ కలయిక ఆగిపోయింది. ఎవరి గుంపులో వాళ్లే పెళ్లాడటం మొదలైంది. అంటే ‘కలవని రక్తం’ అనేది ఈ నేల మీద ఏ కులానికీ లేదు. ఉన్నది కలయిక ఆగిపోయిన చరిత్ర మాత్రమే.

2017లో అదే బృందాలు దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాలను పరిశీలించాయి. వాటిలో 81 సమూహాల్లో కొద్దిమంది పూర్వీకుల నుంచే నేటి జనమంతా విస్తరించిన ఆనవాళ్లు కనిపించాయి. పది లక్షలకు మించిన జనాభా ఉన్న సమూహాలు కూడా అందులో ఉన్నాయి. అలాంటి చోట ఒక పూర్వీకుడి జన్యులోపం తరతరాలుగా ఆ కంచె లోపలే తిరుగుతుంది. తెలుగు వైశ్యుల్లో మత్తుమందుతోపాటు ఇచ్చే ఒక కండర సడలింపు మందును శరీరం తట్టుకోలేని లోపం ఎక్కువగా కనిపించడం ఇందుకు వైద్యులకు తెలిసిన ఉదాహరణ. కంచె లోపలి నష్టం ‘కింది’ కులాలకే పరిమితం కాదని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

పాతబస్తీ ఈ విషయంలో ఒక చిన్న భారతదేశం. ఇస్లాంలో కులం లేదంటారు, గ్రంథంలో లేదు కూడా. కానీ సంబంధాలు వెతికేటప్పుడు సయ్యద్‌, షేక్‌, పఠాన్‌, ఖురేషీ అనే తేడాలు పైకి వస్తాయి. ‘కుఫూ’ చూడాలంటారు. అంటే సాటి హోదా, సాటి బిరాదరీ. 2007లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌ ప్రభుత్వం ముస్లింలలోని 14 వెనుకబడిన సమూహాలకు 4 శాతం రిజర్వేషన్‌ కల్పించిందంటే ఆ సమాజంలోనూ అంతరాలు ఉన్నట్టే. అవే గల్లీల పక్కన లాల్‌దర్వాజా, గౌలిపురాల్లో తెలుగు బహుజన కులాలు, నది దాటితే బేగంబజార్‌ మార్వాడీ, లోధ్‌ కుటుంబాలు ఉన్నాయి. తలసేమియా వాహకులు ఎక్కువగా ఉన్న సమూహాల్లో సింధీ, పంజాబీ, లోహాణా వంటి వ్యాపార కులాలు కూడా ఉన్నాయి.

దగ్గరి సంబంధాల మాట రాగానే వేలు ముస్లింల వైపు చూపడం చదువుకున్నవారికి అలవాటైపోయింది. పినతండ్రి కూతుర్ని పెళ్లాడటం ముస్లింలలో ఉంది, నిజమే. మేనమామ కూతుర్ని, మేనత్త కొడుకును, కొన్ని కులాల్లో అక్క కూతుర్ని పెళ్లాడటం తెలుగు హిందువుల్లో ఉంది. జన్యుశాస్త్రం దృష్టిలో పినతండ్రి బిడ్డకూ మేనమామ బిడ్డకూ తేడా లేదు. మేనమామ–మేనకోడలి పెళ్లిలో రక్తబంధం దానికి రెట్టింపు దగ్గర. ఒకరి ఆచారం అనాగరికమనీ, మనది సంప్రదాయమనీ విభజించడానికి శాస్త్రం ఒప్పుకోదు. తలసేమియా, సికిల్‌ సెల్‌ వాహకులు సమాజంలో గణనీయంగా ఉన్నందువల్ల, వేర్వేరు కుటుంబాల వారు పెళ్లాడినా ముప్పు పూర్తిగా పోదన్నది కూడా గుర్తుంచుకోవాలి. కులాంతర వివాహం ఆ ముప్పును తగ్గించగలదు కానీ రక్తపరీక్షకు ప్రత్యామ్నాయం కాదు. కులాంతర వివాహాన్ని నేను కోరుకునేది సమానత్వం కోసం. ఆరోగ్యం దాన్ని బలపరిచే వాదం మాత్రమే.

లాల్‌దర్వాజా దగ్గర నేను మాట్లాడిన ఒక దళిత తల్లి అనుభవం చెబుతాను. కొడుక్కి ఏడో నెల నుంచే ఒళ్లు పాలిపోయింది, కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లని పసరు పోయించారు. తగ్గకపోతే ఒక ప్రైవేటు క్లినిక్‌కు తీసుకెళ్లారు. అక్కడ పరీక్ష రాయకుండానే ‘మీవాళ్లలో తిండి సరిగా ఉండదు కదమ్మా’ అని ఐరన్‌ టానిక్‌ ఇచ్చారట. ఏడాది గడిచింది. బిడ్డ కడుపు ఉబ్బింది, మనిషి చిక్కిపోయాడు. చివరికి పెద్దాసుపత్రిలో తలసేమియా అని తేలింది. ‘బిడ్డకు జబ్బని తెలిసిన రోజు కన్నా, నీ పుట్టింటి రక్తంలోనే దోషముందని అత్తమ్మ అన్న రోజు ఎక్కువ ఏడ్చిన సార్‌’ అన్నదామె. ఆమెది మేనరికం. అత్తమ్మ అంటే తండ్రి తోడబుట్టిన మేనత్తే. కోడలి పుట్టిల్లు ఏదో, ఆ అత్తగారు పుట్టిందీ అదే ఇల్లు. భర్తకు పరీక్ష చేస్తే అతనూ వాహకుడే.

ఈ ఉదంతంలో రెండు వివక్షలు కలిసి పనిచేశాయి. బిడ్డ పాలిపోతే కులాన్ని బట్టి ‘తిండి లేదు’ అనుకోవడం ఒకటి. జబ్బు తేలాక తప్పు ఆడదాని మీద వేయడం మరొకటి. మొదటిది రోగనిర్ధారణను ఏడాది వెనక్కు నెట్టింది. పేదల రక్తహీనత అంతా తిండి లేమి అనుకోవడానికి ఒక ఆధారం లేకపోలేదు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల మహిళల్లో దేశంలో 57 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అందులో ఇనుము లోపం వాటా పెద్దది. అందువల్ల ఆశా కార్యకర్త ఇచ్చే మాత్రలు మానవద్దు. కానీ మాత్రలు వాడినా హిమోగ్లోబిన్‌ పెరగని మనిషికి మళ్లీ అవే మాత్రలు రాయడం వైద్యం కాదు.

నిర్ధారణకు దారి చాలామంది చేతిలో ఉన్న సాధారణ రక్తపరీక్ష నివేదికలోనే ఉంటుంది. ఎర్రకణాల పరిమాణం చిన్నదిగా ఉండి, వాటి సంఖ్య మాత్రం ఎక్కువగా ఉంటే తలసేమియా వాహకత్వాన్ని అనుమానించాలి. హెచ్‌పీఎల్‌సీ అనే పరీక్షలో హిమోగ్లోబిన్‌ ఏ2 పాలు 3.5 శాతం దాటితే వాహకులని దాదాపు తేలుతుంది. సికిల్‌ హిమోగ్లోబిన్‌ కూడా అదే పరీక్షలో బయటపడుతుంది. రక్తకణాలు చితుకుతున్నాయా అన్నది తెలుసుకోవడానికి రెటిక్యులోసైట్ల లెక్క, బిలిరుబిన్‌, ఎల్‌డీహెచ్‌ పరీక్షలు, సూక్ష్మదర్శిని కింద రక్తపు చుక్క పరిశీలన ఉన్నాయి. శరీరం సొంత కణాలపై దాడి చేస్తోందా అన్నది కూంబ్స్‌ పరీక్ష చెబుతుంది. ఇవేవీ అంతుచిక్కని విద్యలు కావు. పెళ్లి పత్రికల అచ్చుకు పెట్టే ఖర్చుకన్నా హెచ్‌పీఎల్‌సీకి అయ్యే ఖర్చు తక్కువ.

చికిత్స జబ్బును బట్టి మారుతుంది. స్వీయ కణాలపై దాడి జరిగే రకానికి స్టెరాయిడ్లు, అవి పనిచేయకపోతే రిటుక్సిమాబ్‌, కొందరికి ప్లీహం తొలగింపు. సికిల్‌ సెల్‌కు హైడ్రాక్సీయూరియా మాత్రలు నొప్పి దాడులను గణనీయంగా తగ్గిస్తాయి. తీవ్ర తలసేమియా ఉన్న బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన ప్రతి సీసాతో ఇనుము చేరి గుండెను, కాలేయాన్ని దెబ్బతీస్తుంది గనుక దాన్ని బయటికి పంపే డెఫెరాసిరాక్స్‌ వంటి మందు నిత్యం వాడాలి. ఇలాంటి బిడ్డకు తెలియక ఐరన్‌ టానిక్‌ పోయడమంటే నిప్పు మీద నూనె పోయడమే. పూర్తిగా నయం చేసేది ఎముక మజ్జ మార్పిడి. తోబుట్టువు మజ్జ సరిపోలే అవకాశం నాలుగింట ఒకటే. 2023లో బ్రిటన్‌, అమెరికాలు ఆమోదించిన జన్యుచికిత్స ధర 22 లక్షల డాలర్లు. పాతబస్తీ తల్లికి అది వార్త మాత్రమే.

ఆ తల్లులకు ఊతమైంది రోగుల కోసం పుట్టిన సంస్థలే. 1998లో ఏర్పడిన తలసేమియా అండ్‌ సికిల్‌ సెల్‌ సొసైటీ చాలా ఏళ్లు పురానీ హవేలీ ప్రాంతంలో పనిచేసి, ఇప్పుడు శివరాంపల్లిలో ఉంది. అక్కడి పడకల మీద అన్ని కులాల, మతాల పిల్లలూ పక్కపక్కనే పడుకుని రక్తం ఎక్కించుకుంటారు. గ్రూపు కలిసిందా, పరీక్షలు చేశారా అనే రెండు ప్రశ్నలే అక్కడ చెల్లుతాయి. బిడ్డ బతకడానికి ఏ కులం రక్తమైనా సమ్మతమైన కుటుంబాలే ఆ బిడ్డ అక్క పెళ్లి దగ్గర మళ్లీ ‘మన రక్తం’ అనడం నేను విన్నాను. అది వారొక్కరి వైరుధ్యం కాదు, మనందరిదీ.

పరీక్షలు చేస్తే చాలునా? చాలవు. పరీక్షే కొత్త అంటరానితనంగా మారే ప్రమాదముంది. 1970 దశకం తొలినాళ్లలో అమెరికాలో సికిల్‌ సెల్‌ పరీక్షలు విస్తరించినప్పుడు, రోగులు కాని నల్లజాతి వాహకులకు కూడా ఉద్యోగాలు, బీమా నిరాకరించిన ఘటనలు జరిగాయి. అక్కడి వైమానిక దళ అకాడమీ 1981 వరకు వాహకులను చేర్చుకోలేదు. గ్రీస్‌లోని ఓర్కోమెనోస్‌ గ్రామంలో పరీక్షల తర్వాత వాహకులకు పెళ్లిళ్లు కావడమే కష్టమైంది. మన దేశంలో 2023 జులై 1న ప్రారంభమైన జాతీయ సికిల్‌ సెల్‌ నిర్మూలన మిషన్‌ 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేసి, కార్డులు ఇవ్వాలని తలపెట్టింది. ఆహ్వానించదగిన పనే. కానీ గిరిజన ప్రాబల్య ప్రాంతాల మీదే దృష్టి ఉన్నందున ఇది ‘గిరిజనుల జబ్బు’ అన్న ముద్ర పడుతోంది. మధ్యభారతంలో ఈ జన్యువు దళితుల్లో, వెనుకబడిన కులాల్లో కూడా ఉంది. పొట్ట చేతపట్టుకుని నగరపు బస్తీలకు వచ్చిన ఆ కుటుంబాలు లెక్కలోకి రావు. కుల ధ్రువపత్రం పక్కన ఇంకొక ముద్రపత్రం చేరకూడదు.

సైప్రస్‌ వేరే దారి చూపింది. అక్కడ 1970ల నుంచి ప్రజలందరికీ పరీక్షలు చేశారు, చర్చి కూడా పెళ్లికి ముందు పరీక్షపత్రం అడిగింది. వాహకులైన జంటల్లో అత్యధికులు విడిపోలేదు. పెళ్లి చేసుకుని, గర్భంలోనే బిడ్డకు పరీక్ష చేయించుకున్నారు. తీవ్ర తలసేమియాతో పుట్టే పిల్లలు దాదాపు లేకుండా పోయారు. ఇరాన్‌ 1997లో పెళ్లికి ముందు పరీక్షను తప్పనిసరి చేసింది. పిండంలో తీవ్ర లోపం నిర్ధారణ అయితే 120 రోజుల లోపు గర్భస్రావానికి మక్కాలోని ఇస్లామిక్‌ ఫిఖ్‌ మండలి 1990లోనే అనుమతించింది. మతం అడ్డొస్తుందన్న సాకు పాతబస్తీ విషయంలో చెల్లదు. అందరికీ చేసే పరీక్ష ఎవరికీ కళంకం కాదు. కొందరికే చేసే పరీక్ష వారికి ముద్ర అవుతుంది.

కనుక ప్రభుత్వం ముందు ఉంచవలసిన కోరికలు స్పష్టమైనవే. పేట్లబురుజు ప్రసూతి ఆసుపత్రితో మొదలుపెట్టి ప్రతి బస్తీ దవాఖానాలో గర్భిణులందరికీ తొలి మూడు నెలల్లోనే ఉచితంగా హెచ్‌పీఎల్‌సీ చేయాలి. భార్య వాహకురాలని తేలితే భర్తకు అదే వారం పరీక్ష జరగాలి. ఇద్దరూ వాహకులైతే నిమ్స్‌ వంటి చోట పిండ పరీక్షకు పంపాలి. 2021 చట్ట సవరణ ప్రకారం వారికి ఉన్న హక్కులేమిటో తెలుగులోనూ ఉర్దూలోనూ చెప్పగల సలహాదారులు ఉండాలి. డిగ్రీ కళాశాలల్లో కులమతాలతో పని లేకుండా అందరికీ స్వచ్ఛందంగా, గోప్యంగా పరీక్ష అందుబాటులో ఉండాలి. ఇనుమును తగ్గించే మందులు ప్రతి నెలా లోటు లేకుండా దొరకాలి.

విశ్వవిద్యాలయాల బాధ్యతా ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం తలసేమియా, సికిల్‌ సెల్‌లను వైకల్యాల జాబితాలో చేర్చింది. నిర్దేశిత స్థాయి వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వ, ఎయిడెడ్‌ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు కేటాయించాలి. నాకు తెలిసిన కుటుంబాల్లో ఈ హక్కు గురించి విన్నవారు వేళ్ల మీద లెక్కించదగినంత మందే. ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్‌ జాబితా నుంచి మాత్రం అదే చట్టం రక్తవ్యాధులను తప్పించింది. నెలకు రెండుసార్లు రక్తం ఎక్కించుకుంటూ పట్టా సాధించిన యువతి కొలువు దగ్గర ఆగిపోవడం న్యాయం కాదు. ఆమె దళితురాలో, వెనుకబడిన ముస్లిమో అయితే ఆ అన్యాయం రెండింతలు.

మిగిలింది ఇళ్లలో జరగవలసిన పని. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు కులం, గోత్రం, బిరాదరీ అడిగే పెద్దలు వాటి బదులు ఒక రక్తపరీక్ష నివేదిక అడిగితే చాలు. అబ్బాయిదీ అమ్మాయిదీ రెండూ అడగాలి. ఆ నివేదికలో వాహకత్వం తేలితే అది సంబంధం తెంచుకోవడానికి కారణం కాదు, జాగ్రత్త పడటానికి అవకాశం. బిడ్డకు జబ్బు వస్తే కోడలి పుట్టింటిని నిందించే హక్కు ఎవరికీ లేదు. జన్యువు ఇద్దరిదీ, బిడ్డ ఇద్దరి బిడ్డ, బాధ్యతా ఇద్దరిదే.